ఇంట్లో చేసుకున్న కోవిడ్ టెస్ట్ ఒక్కసారి నెగెటివ్ వస్తే పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చా?

గోదారిగట్టు

జలుబు పొద్దున మొదలవుతుంది. మధ్యాహ్నానికి మెడికల్ షాపు నుంచి కిట్ వస్తుంది. ఒకే గీత పడుతుంది. సాయంత్రం అందరూ కలిసి శ్రీమంతానికో, మంచం పట్టిన తాతగారిని చూడ్డానికో బయల్దేరతారు. "టెస్ట్ చేశాం, నెగెటివే" అన్న ఒక్క మాటతో మాస్కు కూడా జేబులోకి వెళ్ళిపోతుంది.

నేననేది ఇది: లక్షణాలు మొదలైన రోజున చేసిన ఒక్క నెగెటివ్ టెస్ట్ వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. టెస్ట్ చేసుకోనివాడికి కనీసం అనుమానం మిగులుతుంది, కాస్త దూరంగా కూర్చుంటాడు. నెగెటివ్ చూసుకున్నవాడు పక్కన కూర్చుని తాతగారికి అన్నం తినిపిస్తాడు.

2021 మేలో మన దేశంలో మొదటి ఇంటి కిట్‌కి, అంటే పుణె మైల్యాబ్ వాళ్ళ కోవిసెల్ఫ్‌కి, అనుమతి వచ్చినప్పుడే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) రెండు ముక్కలు చెప్పింది. పాజిటివ్ వస్తే అది పాజిటివే, మళ్ళీ టెస్ట్ అక్కర్లేదు. లక్షణాలుండి నెగెటివ్ వస్తే మాత్రం ల్యాబ్‌లో ఆర్‌టీపీసీఆర్ టెస్ట్ చేయించుకోవాలి, ఆ రిపోర్టు వచ్చేదాకా కోవిడ్ అనుమానితుల్లాగే విడిగా ఉండాలి. మొదటి ముక్క అందరికీ గుర్తుంది. రెండోది కాగితం మీదే ఉండిపోయింది.

కాబట్టి అడుగుతున్నాను. లక్షణాలున్నవాళ్ళు ఇంటి టెస్ట్ మానేసి, నేరుగా అయిదారు రోజులు పెద్దవాళ్ళకి దూరంగా ఉంటే సరిపోదా? కాదనేవాళ్ళు ఎందుకు కాదో వివరంగా చెప్పండి.

స్లైడు మీద చుక్క

కిట్‌ని తప్పుపట్టే ముందు ముక్కులో దూదిపుల్ల ఎలా తిప్పారో అడగాలండి. ఇంట్లో వచ్చే తప్పుడు నెగెటివ్‌లలో పెద్ద వాటా ముక్కు దగ్గరే పుడుతుంది.

ముందు ముక్కు చీదాలి. చీమిడి కోసం కాదు పుల్ల పెట్టేది, ముక్కు లోపలి గోడ కోసం. వైరస్ పెరిగేది ఆ గోడ కణాల్లో. చీమిడి నిండుగా ఉంటే పుల్ల చివర దూది అదే పీల్చుకుని గోడని తాకకుండానే బయటికి వచ్చేస్తుంది. ముక్కుపొడి అలవాటున్న పెద్దలు, ముక్కు అంచుకి బామ్ రాసుకున్నవాళ్ళు, ముక్కులో స్ప్రే కొట్టుకున్నవాళ్ళు శుభ్రం చేసుకుని అరగంట ఆగాలి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరనివ్వాలి.

పుల్ల చివర దూదిని వేలితో తాకకూడదు, బల్లమీద పెట్టకూడదు. కోవిసెల్ఫ్ కాగితం ప్రకారం రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లు లోపలికి పోనివ్వాలి. ఇక్కడ జరిగే పొరపాటు దిశ. జనం పుల్లని నెత్తివైపుకి, అంటే పైకి తోస్తారు. ముక్కు దారి పైకి లేదు, చెవివైపుకి సమాంతరంగా వెనక్కి పోతుంది. తల కొంచెం వెనక్కి వంచి, పుల్లని నేలకి సమాంతరంగా పోనిచ్చి, గోడకి ఆనించి నిదానంగా 5 చుట్లు తిప్పాలి. తిప్పడమంటే వేళ్ళ మధ్య పుల్లని అక్కడికక్కడే గిరగిరా తిప్పడం కాదు, గోడని రాసుకుంటూ గుండ్రంగా తిరగాలి. కళ్ళలో నీళ్ళొస్తే, తుమ్ము వచ్చేలా ఉంటే సరిగ్గా చేస్తున్నట్టే. అదే పుల్లతో రెండో రంధ్రంలో కూడా 5 చుట్లు. ఒక్క రంధ్రంతో ఆపేసేవాళ్ళు ఎంతమందో.

తర్వాత గొట్టం. అందులో ద్రవం ముందే పోసి ఉంటుంది. మూత తీసేముందు గొట్టాన్ని బల్లమీద రెండు మూడుసార్లు తట్టి ద్రవాన్ని కిందికి దింపాలి. పుల్లని ముంచి, గొట్టాన్ని బయటినుంచి వేళ్ళతో నొక్కిపట్టి కనీసం 10 సార్లు తిప్పాలి. నొక్కకుండా కేవలం ముంచి తీస్తే దూదిలో ఉన్న సరుకు దూదిలోనే ఉండిపోతుంది. ఆ తర్వాత పుల్ల మీదున్న గాటు దగ్గర విరిచి, చుక్కలు పడే మూత బిగించి, కిట్ మీద గుంటలో సరిగ్గా 2 చుక్కలు వేయాలి. బుడగ వస్తే అది చుక్క కింద లెక్కకాదు.

ఈ 2 చుక్కల లెక్క కోవిసెల్ఫ్‌ది మాత్రమే. అమెరికాలో ఎక్కువగా వాడిన ఐహెల్త్‌కి 3 చుక్కలు. బైనాక్స్‌నౌలో పద్ధతే వేరు, అక్కడ కార్డు లోపలి పై రంధ్రంలో ముందు 6 చుక్కలు వేసి, పుల్లని కార్డులోకే దూర్చి మూసేయాలి. ఒక కిట్ అలవాటు ఇంకో కిట్‌కి వాడితే టెస్ట్ చెడిపోతుంది. ఎక్కువ చుక్కలు వేస్తే ద్రవం పొంగి కిట్ లోపలి పట్టీ మీద అడ్డదిడ్డంగా పారుతుంది, తక్కువ వేస్తే దాటాల్సిన దూరం దాటదు.

ఇంకొక్క విషయం, ఇది చాలామందికి తెలియదు. సీ (కిట్ సరిగ్గా నడిచిందని చూపే గుర్తు) దగ్గర గీత పడిందంటే నమూనా బాగా తీశారని అర్థం కాదు. ద్రవం పట్టీ పొడుగునా నడిచిందని, పట్టీలో పూసిన రంగు ప్రతిదేహాలు (యాంటీబాడీలు) పనిచేస్తున్నాయని మాత్రమే. ముక్కులో పెట్టని శుభ్రమైన పుల్లని ముంచి వేసినా సీ గీత పడుతుంది. అంటే సరిగ్గా తిప్పారా లేదా అన్నది ఈ కిట్ మీకు చెప్పదు. ఆ బాధ్యత చేసేవాడి చేతిదే.

అందుకే గోదారిగట్టుగారూ, టెస్ట్ మానేయమనడం కన్నా టెస్ట్ చేయడం నేర్పడం మేలు.

టెక్సాస్ తెలుగు

పుల్ల సంగతి ఒప్పుకుంటాను, కానీ వేళ సంగతి మర్చిపోతున్నారు. టీకాలో, పాత ఇన్‌ఫెక్షనో ఉన్న ఒంట్లో రోగనిరోధక శక్తి ముందే మేల్కొంటుంది. గొంతునొప్పి, ఒళ్ళు నొప్పులు ముందు వచ్చేస్తాయి, ముక్కులో వైరస్ కిట్‌కి దొరికేంత పెరగడానికి ఇంకో రోజో రెండు రోజులో పడుతుంది. మొదటిరోజు నెగెటివ్, మూడోరోజు ముదురు గీత అన్నది ఒమిక్రాన్ రకం వచ్చినప్పటి నుంచి మామూలు వ్యవహారం.

అమెరికాలో మందులకి, కిట్లకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2022 ఆగస్టులో ఇదే కారణంతో సలహా మార్చింది. లక్షణాలుంటే 48 గంటల తేడాతో కనీసం 2 టెస్టులు. లక్షణాలు లేకుండా, పాజిటివ్ మనిషితో కలిసి ఉన్నారన్న అనుమానం మాత్రమే ఉంటే 48 గంటల తేడాతో 3 టెస్టులు. ఇవన్నీ నెగెటివ్ వస్తేనే నెగెటివ్ అనుకోవాలి. నా ఓటు దీనికే. ఒక్క టెస్ట్ చాలదు, అలాగని టెస్టే వద్దనడమూ సరికాదు.

ఇంకో మాట. మొదటిరోజే పట్టుకోవాలంటే గొంతు కూడా కలపాలని నా అభిప్రాయం. 2022 జనవరిలో ఇజ్రాయెల్ ఆరోగ్యశాఖ ముందు గొంతు, తర్వాత ముక్కు అని తమ ప్రజలకి చెప్పింది. కెనడాలో ఆంటారియో వాళ్ళు రెండు బుగ్గల లోపల, నాలుక మీద, ఆ తర్వాత రెండు ముక్కు రంధ్రాల్లో అని పద్ధతి రాసిపెట్టారు. బ్రిటన్ తొలినాళ్ళ ఉచిత కిట్లలోనూ టాన్సిల్స్, ముక్కు రెండూ ఉండేవి. గొంతులో ముందు మొదలయ్యే వైరస్‌ని ముక్కులో వెతకడం ఎందుకు?

స్లైడు మీద చుక్క

టెక్సాస్‌గారూ, అదే 2022 జనవరిలో ఎఫ్‌డీఏ ముక్కు కోసం చేసిన కిట్‌ని గొంతుకి వాడొద్దని చెప్పింది కదా. కారణాలు తేలిగ్గా తీసేయాల్సినవి కావు.

మొదటిది ఆమ్లం. కిట్‌లో పూసిన ప్రతిదేహాలు ఒక పీహెచ్ (పులుపు స్థాయి) పరిధిలోనే సవ్యంగా నడుచుకుంటాయి. గొట్టంలో ద్రవం ఆ పరిధిని నిలబెట్టడానికే ఉంది. కూల్‌డ్రింకో నారింజ రసమో ఆ ద్రవం లేకుండా నేరుగా కిట్ మీద పోస్తే టీ గీత (వైరస్ ఉందని చూపే గీత) పడుతుంది, పిల్లలు బడి ఎగ్గొట్టడానికి వాడిన ఉపాయం ఇదే. పులిహోరో, నిమ్మకాయ మజ్జిగో, ఆవకాయ ముద్దో తిన్న వెంటనే గొంతులో పుల్ల పెడితే ఆ మిగులు నమూనాలోకి చేరుతుంది. గొట్టంలో ద్రవం కొంత సర్దుకుంటుంది, కానీ కిట్‌ని అలాంటి నమూనాతో పరీక్షించలేదు.

రెండోది కఫం. చిక్కటి కఫం పట్టీని మూసేస్తుంది, ద్రవం సగంలో ఆగిపోతుంది.

మూడోది నాకు అన్నిటికన్నా భయం. ముక్కు పుల్లకి విరవడానికి ఒక గాటు ఉంటుంది. గొంతులో వాంతి వచ్చినట్టై పళ్ళు బిగిస్తే అక్కడే విరగొచ్చు. చిన్నపిల్లల గొంతులో ఈ పుల్ల అసలు పెట్టకూడదు. ముక్కు టెస్టయినా రెండేళ్ళు దాటిన పిల్లలకే, అదీ పెద్దవాళ్ళే చేయాలి.

టెక్సాస్ తెలుగు

పిల్లల విషయంలో మీ మాటే సరైనది, నేను పెద్దవాళ్ళ గురించే అన్నాను. ఆంటారియో పద్ధతిలో కూడా అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు అనే ఉంది. వాళ్ళు బుగ్గలూ నాలుకా చెప్పింది కూడా వాంతి రాకుండానే. ఆ జాగ్రత్తలతో చేస్తే ఆమ్లం వాదన నిలవదు. ఒకటి మాత్రం ఒప్పుకుంటాను: గొంతు కలిపి చేసి నెగెటివ్ వచ్చినా 48 గంటల తర్వాత రెండో టెస్ట్ మానకూడదు. గొంతు కలపడం రెండో టెస్ట్‌కి బదులు కాదు.

లెక్కల మాస్టారు

ఇద్దరూ అంకెలు లేకుండా వాదించుకుంటున్నారు. అంకెలు పెడదాం.

2022లో కాక్రేన్ వాళ్ళు (వైద్య అధ్యయనాల్ని కలిపి బేరీజు వేసే సంస్థ) ప్రపంచంలో జరిగిన యాంటిజెన్ టెస్టుల, అంటే మన ఇంటి కిట్ లాంటి వాటి అధ్యయనాలన్నీ కలిపి చూశారు. లక్షణాలున్నవాళ్ళలో ఈ టెస్టులు సగటున 73 శాతం మందిని పట్టుకున్నాయి. లక్షణాలు లేనివాళ్ళలో 55 శాతం మందిని. జబ్బు లేనివాళ్ళకి లేదని సరిగ్గా చెప్పడం 99.6 శాతం. ఇది చాలావరకు శిక్షణ ఉన్నవాళ్ళు చేసిన టెస్టుల లెక్క. ఇంట్లో చేస్తే ఇంకాస్త తగ్గొచ్చు, పెరగదు.

ఇప్పుడు వేవ్ ఉధృతంగా ఉన్న రోజులు అనుకోండి. జలుబు, జ్వరం ఉన్న 1000 మందిలో 300 మందికి నిజంగా కోవిడ్. టెస్ట్ 219 మందిని పట్టుకుంటుంది, 81 మందిని వదిలేస్తుంది. కోవిడ్ లేని 700 మందిలో సుమారు 3 మందికి తప్పుడు పాజిటివ్. అంటే నెగెటివ్ వచ్చినవాళ్ళు 778 మంది, అందులో 81 మందికి కోవిడ్ ఉంది. దాదాపు పదిమందిలో ఒకరు. పదిమందిలో ఒకరు చొప్పున తాతగారి మంచం పక్కన కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు. ఇక్కడ గోదారిగట్టుగారిదే పైచేయి.

వేవ్ లేని రోజులు తీసుకోండి. అదే 1000 మంది జలుబు మనుషుల్లో 20 మందికే కోవిడ్. టెస్ట్ 15 మందిని పట్టుకుంటుంది, 5 మందిని వదులుతుంది. నెగెటివ్ వచ్చిన 981 మందిలో కోవిడ్ ఉన్నది 5 మందికి, అంటే రెండొందల మందిలో ఒకరికి. కానీ పాజిటివ్ వైపు చూడండి. 15 నిజం, 4 అబద్ధం. అయిదింట ఒకటి తప్పుడు పాజిటివ్. అదే కిట్, అదే చెయ్యి, ఊళ్ళో పరిస్థితి మారితే ఆ గీత అర్థం మారిపోతుంది. ఐసీఎంఆర్ లక్షణాలున్నవాళ్ళూ పాజిటివ్ వాళ్ళ దగ్గరివాళ్ళూ మాత్రమే చేసుకోవాలని, ఊరికే అందరూ చేసుకోవద్దని అప్పుడే చెప్పింది ఇందుకే.

రెండో టెస్ట్ వేస్తే? రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివి అనుకుంటే, వదిలేసిన 27 శాతంలో మళ్ళీ 27 శాతమే మిగలాలి. 300 మందిలో 22 మంది. నిజ జీవితంలో ఈ లెక్క రెండువైపులా జారుతుంది. మొదటిరోజు వైరస్ తక్కువగా ఉండి తప్పిపోయినవాళ్ళు మూడోరోజు బాగా దొరుకుతారు, కాబట్టి మిగిలేది ఇంకా తగ్గుతుంది. పుల్ల తప్పుగా తిప్పేవాడు మాత్రం రెండోసారీ అలాగే తిప్పుతాడు, వాడికి రెండు టెస్టులూ ఒకటే. కాబట్టి స్లైడుగారి పుల్లా, టెక్సాస్‌గారి 48 గంటలూ ఒకదానికొకటి పోటీ కావు. రెండూ కావాలి.

పల్లె నర్సు

మీరందరూ కిట్ చేతిలో ఉందన్న లెక్కన మాట్లాడుతున్నారు. కోవిసెల్ఫ్ వచ్చినప్పుడు ధర ₹250. ఇంట్లో అయిదుగురికి ఒక్కసారికి ₹1250. మీరు చెప్పే రెండు టెస్టులకి ₹2500. కూలికి వెళ్ళే ఇంట్లో ఆ డబ్బు టెస్ట్‌కి పోదు, పోకూడదు కూడా. కిట్ ఒకటే ఉంటే దాన్ని ఎవరి మీద, ఏ రోజు వాడాలన్నదే మా ప్రశ్న.

తెలంగాణలో 2021 మేలో, మళ్ళీ 2022 జనవరిలో ఇంటింటి జ్వర సర్వే చేశారు. ఆశాలు, ఏఎన్ఎంలు గుమ్మం దగ్గర అడిగి, జ్వరం, దగ్గు ఉంటే అక్కడికక్కడే మందుల కిట్ ఇచ్చి విడిగా ఉండమన్నారు. రిపోర్టు కోసం ఆగలేదు. టెస్ట్ తక్కువైన చోట ఆ పద్ధతే మనుషుల్ని కాపాడుతుంది. నేను గోదారిగట్టుగారి పక్షమే. లక్షణాలుంటే ముందు దూరం, తర్వాతే కిట్.

ఒక్క కిట్ ఉంటే ఇలా వాడండి. ఇంట్లో మొదట జబ్బుపడిన మనిషికి, లక్షణాలు మొదలైన రోజుని ఒకటిగా లెక్కపెట్టి మూడో రోజున చేయండి. పాజిటివ్ వస్తే మిగతావాళ్ళలో లక్షణాలున్న ప్రతివాళ్ళకీ కోవిడే అనుకోండి, వాళ్ళకి వేరే కిట్లు కొనక్కర్లేదు. వేరే గది లేకపోతే వసారాలో మంచం, కిటికీ తలుపులు తీసి పెట్టడం, అన్నం పెట్టేటప్పుడు ఇద్దరికీ మాస్కు, కంచం గ్లాసు విడిగా. ఇంట్లో షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు ఉన్న పెద్దవాళ్ళుంటే మాత్రం ఆ ఒక్క కిట్ వాళ్ళకి జ్వరం వచ్చిన రోజు కోసం దాచండి. టెస్ట్ ఫలితం వల్ల వైద్యం మారేది వాళ్ళకే.

ఆక్సీమీటరు ఉంటే కిట్ కన్నా అది ఎక్కువ పనికొస్తుంది. వేలికి గోరింటాకు, గోళ్ళరంగు లేకుండా, చెయ్యి వెచ్చగా ఉన్నప్పుడు, ఒక నిమిషం కదలకుండా పెట్టి అంకె నిలబడ్డాక చూడాలి. 94 కన్నా తగ్గితే గీతలు చూస్తూ ఇంట్లో కూర్చోకూడదు, ఆసుపత్రికి బయల్దేరాలి.

మందుల షాపు

దాచండి అన్నారు కాబట్టి ఎలా దాచాలో చెప్పాలి. డబ్బా మీద 2 నుంచి 30 డిగ్రీలు అని ఉంటుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో ఎండ 45 దాటుతుంది, రేకుల ఇంట్లో అటక మీద ఇంకా ఎక్కువ. ఎండలో నిలబెట్టిన కారు డ్యాష్‌బోర్డులో పెట్టిన కిట్ సంగతి చెప్పనక్కర్లేదు. వేడికి ముందు దెబ్బతినేది పట్టీలో ఉన్న ప్రతిదేహాలు. విచిత్రమేమిటంటే అప్పటికీ సీ గీత పడొచ్చు, టీ గీత మాత్రం పలచబడి మాయమవుతుంది. అంటే వేడికి చెడిన కిట్ ఎక్కువగా నెగెటివ్ వైపే అబద్ధం చెబుతుంది.

అలాగని డీప్ ఫ్రీజర్‌లో పెట్టకండి, గడ్డకడితే ద్రవం పనికిరాదు. ఫ్రిజ్ తలుపు అరలో పెట్టొచ్చు. వాడేముందు పౌచ్ చింపకుండా అరగంట బయట ఉంచి గది వేడికి రానివ్వాలి. చల్లగా ఉండగానే చింపితే పట్టీకి చెమ్మ పడుతుంది. పౌచ్‌లో ఉండే చిన్న పొట్లం గుళికలు ఆ చెమ్మ లాగడానికే. విజయవాడ, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్ళలో పౌచ్ ముందే చింపి పక్కనపెట్టి తర్వాత ముక్కు పని మొదలుపెట్టడం మంచిది కాదు. ముక్కు, గొట్టం పని ముగిశాకే చింపండి.

గడువు తేదీ కిట్ డబ్బా మీద ఉన్నదే నమ్మండి. అమెరికాలో ఎఫ్‌డీఏ కొన్ని కిట్లకి గడువు పెంచి, లాట్ నంబర్ల వారీగా జాబితా పెట్టింది. చుట్టాలు అక్కణ్ణుంచి తెచ్చిన కిట్ అయితే ఆ జాబితాలో చూసుకోవచ్చు. మన దగ్గర కొన్నదానికి అది వర్తించదు.

గొట్టంలో ద్రవం గురించి కూడా చెప్పాలి. కొన్ని కిట్ల ద్రవంలో సోడియం అజైడ్ లాంటి నిల్వ రసాయనం ఉంటుంది. చూడ్డానికి కంటి చుక్కల మందు సీసాలాగే ఉంటుంది. పిల్లలకి, చూపు మందగించిన పెద్దలకి అందేచోట పెట్టొద్దు. కంట్లో పడితే ధారగా నీళ్ళతో కడిగి డాక్టరుకి చూపించండి.

గోదారిగట్టు

లెక్కల మాస్టారుగారి పదిలో ఒకటి లెక్క నా మాటకి బలం. రెండొందల్లో ఒకటి లెక్క మాత్రం నా మాటని కొంచెం వంచింది, ఒప్పుకుంటాను. వేవ్ లేనప్పుడు, రెండు టెస్టులు 48 గంటల తేడాతో, పుల్ల సరిగ్గా తిప్పి చేస్తే నెగెటివ్‌ని నమ్మొచ్చు. కానీ ఎంతమంది ఆ 48 గంటలు ఆగుతారు? పెళ్ళి ముహూర్తం ఆగదు, సంక్రాంతి బస్సు ఆగదు. టెస్ట్ నియమం ఎంత మంచిదైనా జనం పాటించేది దానిలో తేలికైన సగాన్నే. అందుకే నా మొదటి మాట పూర్తిగా వెనక్కి తీసుకోను.

వార్డు రౌండు

చర్చ అంతా ఎవరింటికి వెళ్ళాలన్న దగ్గరే తిరుగుతోంది. టెస్ట్‌కి ఇంకో పని ఉంది, వైద్యం. అది మర్చిపోతే పెద్దవాళ్ళకే నష్టం.

నిర్మాట్రెల్విర్, రిటోనావిర్ కలిపిన మాత్రలు, పాక్స్‌లోవిడ్ పేరుతో మీరు వినే ఉంటారు, లక్షణాలు మొదలైన 5 రోజుల్లోపు మొదలుపెట్టాలి. ముదిరే ప్రమాదం ఎక్కువున్నవాళ్ళకే ఇవి. మొదటిరోజు నెగెటివ్ చూసి "మామూలు జలుబే" అని వారం కూర్చున్న డెబ్భై ఏళ్ళ మనిషికి ఆ గడువు దాటిపోతుంది. నెగెటివ్ వచ్చినా మూడోరోజు మళ్ళీ చేయాలన్నదానికి ఇది అసలు కారణం. ఈ మాత్రలు సొంతంగా కొని వేసుకునేవి కావు. కొలెస్ట్రాల్‌కి వాడే సిమ్వాస్టాటిన్‌తో కలవకూడదు, టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నవాళ్ళకి ఇవ్వకూడదు, కిడ్నీ పని తగ్గినవాళ్ళకి మోతాదు తగ్గించాలి. వాడే మందుల చీటీలన్నీ డాక్టరు ముందు పెట్టాలి.

రెండోది, కోవిడ్ నెగెటివ్ వచ్చిన జ్వరాన్ని వదిలేయడం. వానాకాలంలో మన దగ్గర జ్వరమంటే డెంగీ, మలేరియా, టైఫాయిడ్ కూడా. డెంగీకి చేసే ఎన్ఎస్1 రక్తపరీక్ష మొదటి అయిదు రోజుల్లోనే బాగా పట్టుకుంటుంది. కోవిడ్ కిట్ నెగెటివ్ అని ధైర్యంగా ఉండి ఆ రోజులు పోగొట్టుకోవద్దు. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, బాగా నీరసం ఉంటే అది డెంగీ ముదురుతున్న సంకేతం. జ్వరం తగ్గింది కదా అని ఊరుకోకూడదు. ఏ జ్వరమో తేలేదాకా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వాడొద్దు, పారాసెటమాల్ ఒక్కటే. కోవిడ్ పాజిటివ్ వచ్చినా డెంగీ లేదని కాదు, రెండూ ఒకేసారి రావొచ్చు.

ఆర్‌టీపీసీఆర్ గురించి ఒక ముక్క. జబ్బు ఉందా అని మొదట్లో తేల్చుకోవడానికి అది మంచిది. తగ్గిందా అని చూసుకోవడానికి కాదు. అది వైరస్ జన్యుపదార్థపు ముక్కల్ని పట్టుకుంటుంది, జబ్బు తగ్గాక కూడా వారాల తరబడి పాజిటివ్ చూపించొచ్చు. రిపోర్టులో సీటీ విలువ (వైరస్ దొరికేదాకా మిషన్ తిప్పిన చక్రాల లెక్క) 35 లోపైతే పాజిటివ్ అని ఐసీఎంఆర్ పెట్టింది, ఆ అంకె చూసి జబ్బు తీవ్రత లెక్కగట్టొద్దు. నమూనా ఎలా తీశారన్నదాన్ని బట్టి అది మారుతుంది.

పల్లె నర్సు

బయటికి ఎప్పుడు రావాలి అన్నది ఎవరూ చెప్పలేదు. 2022 జనవరి 5న కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన సూచన ప్రకారం లక్షణాలు తేలికగా ఉన్నవాళ్ళకి పాజిటివ్ వచ్చిన రోజు నుంచి 7 రోజులు గడవాలి, అందులో ఆఖరి 3 రోజులు జ్వరం ఉండకూడదు. మళ్ళీ టెస్ట్ అక్కర్లేదని కూడా అందులోనే ఉంది. పనిలోకి రానివ్వడానికి నెగెటివ్ రిపోర్టు అడిగే యజమానులకి ఆ మాట చూపించండి.

టెక్సాస్ తెలుగు

అమెరికాలో రోగ నియంత్రణ సంస్థ సీడీసీ 2024 మార్చిలో అయిదు రోజుల నియమం కూడా తీసేసింది. జ్వరం మందు వేసుకోకుండా 24 గంటలు జ్వరం లేకపోవడం, ఒంట్లో మొత్తంగా మెరుగవడం, ఆ తర్వాత ఇంకో అయిదు రోజులు మాస్కు లాంటి జాగ్రత్తలు. నియమంగా సరే. కానీ కీమో చేయించుకుంటున్న మనిషి ఉన్న ఇంటికి వెళ్ళేవాళ్ళకి నేను ఇప్పటికీ చెప్పేది వేరు. ముదురు గీత పడుతున్నన్ని రోజులు వెళ్ళొద్దు. ఆర్‌టీపీసీఆర్‌లా కాకుండా యాంటిజెన్ గీత, ముక్కులో వైరస్ ప్రోటీన్ ఇంకా ఎంతో కొంత ఉందన్నదానికి దగ్గరి గుర్తు. ఏడో రోజున కూడా గీత పడేవాళ్ళు తక్కువేం కాదు. నర్సుగారు టెస్ట్ అక్కర్లేదన్నది పనికి వెళ్ళడానికి సరిపోతుంది, కీమో మనిషి గదికి సరిపోదు.

పల్లె నర్సు

అలాంటి ఇంటికైతే మీ మాటే సరి. ఆ ఒక్క చోట కిట్ ఖర్చు దండగ కాదు.

కొత్త సభ్యుడు

ఇప్పుడే చేశాం. 15 నిమిషాలకి సీ గీత ఒకటే. కిట్ బల్లమీదే మర్చిపోయి 50 నిమిషాలకి చూస్తే టీ దగ్గర సన్నగా బూడిదరంగు నీడలా ఉంది. అమ్మకి గొంతునొప్పి నిన్నటి నుంచి. ఇది పాజిటివా?

స్లైడు మీద చుక్క

కోవిసెల్ఫ్ అయితే 15 నిమిషాలకి చూడాలి, 20 దాటాక కనిపించేది లెక్కలోకి తీసుకోకూడదు. పట్టీ ఆరిపోయేటప్పుడు టీ దగ్గర రంగులేని గాడి నీడలా కనపడుతుంది. గడువులోపల, ఎంత మసకగానైనా సరే, రంగుతో, పట్టీ అడ్డంగా ఆ కొస నుంచి ఈ కొస దాకా గీత ఉంటే అది పాజిటివ్. మీరు చెప్పింది అది కాదు. అలాగని అమ్మగారికి నెగెటివ్ అని కూడా చెప్పను, నిన్నే మొదలైంది కదా.

ఆ కిట్‌ని, పుల్లని, గొట్టాన్ని వచ్చిన సంచీలోనే కట్టి పారేయండి, మళ్ళీ మళ్ళీ చూడకండి. ఎల్లుండి ఇదే వేళకి కొత్త కిట్‌తో చేయండి, ఫోన్‌లో 15 నిమిషాలకి అలారం పెట్టుకుని అప్పుడే ఫొటో తీసుకోండి. అప్పటిదాకా అమ్మగారి మంచం కిటికీ దగ్గర వేయండి, గదిలోకి వెళ్ళేటప్పుడు ఇద్దరూ మాస్కు పెట్టుకోండి. ఆవిడ వయసు, షుగరు, బీపీ ఉన్నాయో లేదో ఇక్కడ రాయండి, వార్డు రౌండు గారు చూస్తారు.